చిక్‌పేట కిలో ముక్కల మూట: బొంత కుట్టేవాళ్ల కంటితో

బెంగళూరు చిక్‌పేట సందుల్లో గుడ్డల దుకాణాల గుమ్మాల పక్కన ఉబ్బిపోయిన ప్లాస్టిక్ సంచులు కనిపిస్తాయి. గార్మెంట్ యూనిట్లలో, బొటిక్కుల్లో, బ్లౌజులు కుట్టే చోట్ల మిగిలిన కత్తిరింపులను పోగుచేసి కిలో లెక్కన తూచి ఇస్తారు. బొమ్మలు కుట్టేవాళ్లు, కాళ్లు తుడుచుకునే పట్టాలు చేసేవాళ్లు, చేతులు తుడుచుకోవడానికి మెకానిక్కులు కొనే సరుకు ఇది. నమూనా గీసుకోకుండా, చేతికొచ్చిన ముక్కకు జోడీ వెతుక్కుంటూ పెంచుకుపోయే బొంతకు, అంటే ఇప్పుడు అందరూ ఇంప్రావ్ క్విల్ట్ అంటున్నదానికి, ఇంతకంటే తగిన సరుకు ఉండదనిపిస్తుంది. ఆ ఒక్క పనికి ఈ మూట ఎంతవరకు పనికొస్తుందన్నదే ఇక్కడి విషయం. తీర్పు ముందే చెప్పేస్తే, అయిదుకు మూడున్నర. కొనొచ్చు, కానీ మూట ఒక్కటే కొంటే బొంత తేలదు. మూటలో దొరకనిదేదో తెలుసుకుని దాన్ని విడిగా కొనాలి.

ముందు ఎంత కావాలో లెక్క. ఒక మనిషి కప్పుకునే 60×72 అంగుళాల బొంత పై పొర 4,320 చదరపు అంగుళాలు, అంటే దాదాపు 2.8 చదరపు మీటర్లు. కేంబ్రిక్ లాంటి గుడ్డ చదరపు మీటరుకు 120 గ్రాములు తూగుతుందనుకుంటే పై పొర బరువు 335 గ్రాములు దాటదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. 3½×6 అంగుళాల ముక్క నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులోకి పోయాక 3×5½ అవుతుంది. అయిదో వంతు గుడ్డ అక్కడే మాయం. వంకరలు సరిచేస్తూ కోసిపారేసేది ఇంకో అయిదో వంతు. అన్నీ కలిపితే అరకిలో పైమాటే. మూటలో పనికొచ్చేది సుమారు సగం కాబట్టి ఒక కిలో అంచు మీద నిలబడుతుంది. అందుకని రెండో కిలో కొనకండి. ఒక కిలో మూటకు తోడుగా ఒకటిన్నర మీటరు ప్రింటు లేని గుడ్డ తీసుకోండి. దుకాణదారు కిలోకి ఎంత చెప్పినా మనసులో దాన్ని రెట్టింపు చేసుకుంటేనే అసలు ధర తెలుస్తుంది.

మూట విప్పగానే కుట్టు జోలికి పోకూడదు, ఏరుడు పని ఉంది. సాగే హోజరీ ముక్కలు, జారే శాటిన్, జార్జెట్, కాలర్లకు అంటించే బక్రం తాలూకు బిరుసు ముక్కలు, జరీ ఉన్నవి అన్నీ పక్కకు. జరీ కట్టర్ బ్లేడును, సూదిని రెంటినీ మొద్దు చేస్తుంది. మిగిలినదాంట్లో నూలేదో టెరికాటేదో చేత్తో తడిమి తేల్చడం అనుభవం ఉన్నవాళ్లకే సాధ్యం. మిగతావాళ్లు రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద నిప్పు అంటించాలి. నూలు కాగితం కాలిన వాసనతో కాలి మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టర్ ముడుచుకుని గట్టి నల్ల పూసలా గడ్డకడుతుంది. రెండూ కనిపిస్తే కలనేత. కలనేతను పూర్తిగా పారేయక్కర్లేదు గానీ, నూలుకు పెట్టే ఇస్త్రీ వేడికి అది మెరుపు తేలి ముడుచుకుంటుందని గుర్తుంచుకోవాలి.

మన చేనేత ముక్కలు దొరికితే అదృష్టమే. మంగళగిరి నూలు, పోచంపల్లి ఇక్కత్, పెడన కలంకారీ బొటిక్కుల మూటల్లో తగులుతుంటాయి. వదులుగా నేసినవాటికి పావు అంగుళం కుట్టు చాలదు, నాలుగు ఉతుకులకు పోగులు జారి కుట్టు నోరు తెరుస్తుంది. వాటికి మూడెనిమిదో వంతు, అంటే పావుకూ అరకూ నడుమ వదలండి. కలంకారీ, అజ్రఖ్, ముదురు ఎరుపు, నల్లరంగు గుడ్డలు రంగు వదిలే రకాలు. తడిపి, తెల్లని పాత గుడ్డ మీద పరిచి, వేడి ఇస్త్రీ ఒత్తి చూడండి. మరక పడితే ఆ ముక్కను విడిగా బకెట్లో నానబెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించాలి. ఉప్పు నీళ్లు, వెనిగర్ రంగును కట్టేస్తాయన్నది ఇంటింటి నమ్మకమే తప్ప, అద్దకం అయిపోయిన నూలు మీద అవేం పనిచేయవు. ముక్కలను వాషింగ్ మిషన్లో మాత్రం వేయొద్దు. అంచుల పోగులన్నీ పెనవేసుకుని ఒక్క ఉండగా బయటికొస్తాయి.

ఇక అసలు చిక్కు. మూటలో రంగులకు కరువు లేదు, వెలుగునీడలకు కరువు. కుర్తీ, నైటీ, బ్లౌజు ప్రింట్లు చాలావరకు నడిమి ఛాయలో ఉంటాయి. మరీ లేతా కావు, మరీ ముదురూ కావు. విడివిడిగా ముచ్చటగా కనిపించిన ఎరుపు, ఆకుపచ్చ, ఆవ పసుపు, నెమలి నీలం పక్కపక్కన కుట్టగానే పది అడుగుల దూరం నుంచి ఒకే గోధుమ ముద్దగా మారిపోతాయి. ఇంత కష్టపడి కుట్టిన బొంత బస్సు సీటు కవరులా ఎందుకు కనిపిస్తోందని బెంగపడేవాళ్ల సమస్య తొంభై పాళ్లు ఇదే. అతుకులు వంకరపోయాయనో, రంగులు కలవలేదనో అనుకుని విప్పుతూ కూర్చుంటారు. తప్పు అక్కడ లేదు.

పరీక్ష సులువు. ముక్కలు పరిచి ఫోనుతో ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపులోకి మార్చండి. లేతవి, ముదురువి విడివిడిగా తెలిస్తే సరే. అంతా ఒకే బూడిదరంగులో ఉంటే కొత్త ప్రింటు ఎంత చేర్చినా లాభం లేదు. అక్కడ కావలసింది ఏమీ లేని గుడ్డ. కచేరీలో అందరూ ఒకేసారి వాయిస్తే ఎవరి వాద్యమూ వినిపించదు.

ఆ ఏమీ లేని గుడ్డను మూటల దుకాణంలో వెతకొద్దు, బ్లౌజు మ్యాచింగ్ సెంటరుకు వెళ్లండి. టూ బై టూ రూబియా అక్కడ వందకు పైగా ఛాయల్లో వరసలుగా పేర్చి ఉంటుంది. అర మీటరు, పావు మీటరు కూడా కోసిస్తారు. 36 అంగుళాల పన్నాలో ఒకటిన్నర మీటరు తీసుకుంటే, కుట్టుబడి, కోతలు పోను, బొంతలో మూడో వంతు నింపుతుంది. మూడో వంతు చాలా ఎక్కువని మొదట అనిపిస్తుంది. అంతకు తగ్గితే ప్రింట్లకు ఊపిరాడదు. ఒక మీటరు బాగా లేతది, అర మీటరు బాగా ముదురుది తీసుకోండి. లేతదంటే తెలుపే కానక్కర్లేదు. మీగడ రంగు, లేత బూడిద, ఎండిన గడ్డి రంగు ప్రింట్లతో తొందరగా కలిసిపోతాయి. పాలతెలుపు పెడితే ప్రతి ముక్కా కోసి అంటించినట్టు ఎగిరి కనిపిస్తుంది.

రూబియాతో ఒక ఇబ్బంది ఉంది. పల్చన. లేత రూబియా కింద ముదురు ముక్క కుట్టు అంచు నీడలా కనిపిస్తుంది. అందుకని కుట్టు అంచులను ఎప్పుడూ ముదురు గుడ్డ వైపుకే మడిచి ఇస్త్రీ చేయాలి. అది కుదరని అల్లికలకు లంగాల పాప్లిన్ మేలు, నేత దగ్గరగా ఉంటుంది. కోరా గుడ్డ వాడాలనుకుంటే ముందే వేడి నీళ్లలో ఉతికి ఆరబెట్టి తీరాలి. కోరా బాగా కుదించుకుపోతుంది, కుట్టాక ఉతికితే పక్క ముక్కలన్నిటినీ లాగేస్తుంది.

కత్తిరింపు ముక్కలతో గొప్ప బొంతలు వచ్చిన సందర్భం లేకపోలేదు. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే పల్లె నల్లజాతి మహిళల బొంతలు 2002లో హ్యూస్టన్ లలిత కళల మ్యూజియంలోనూ, ఆ తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలోనూ గోడలకెక్కాయి. ఆ ప్రాంతపు కుట్టు సహకార సంఘం 1972 నుంచి సియర్స్ కంపెనీకి కార్డురాయ్ దిండు గలీబులు కుట్టిచ్చేది. మిగిలిన ముక్కలు ఇళ్లకు వెళ్లి బొంతలయ్యాయి. అవీ ఫ్యాక్టరీ ముక్కలే, మన మూటవీ ఫ్యాక్టరీ ముక్కలే. తేడా ఏమిటంటే అక్కడివన్నీ ఒకే మందం, ఒకే నేత, ప్రింటు లేని కొన్ని రంగులు. ఎలా అతికినా మాట వినే సరుకు. చిక్‌పేట మూటలో నలభై రకాల గుడ్డలు, నలభై రకాల పూలు. ఆ బొంతల ఫొటోలు చూసి ఉత్సాహంతో మూట కొనేవాళ్లు ఈ తేడా గమనించాలి.

రెండో చిక్కు ముక్కల ఆకారంలో ఉంది. దర్జీ బల్ల మీద మిగిలేవి మెడ గుండ్రాలు, చంక కోతల పక్క నెలవంకలు, చేతుల మధ్య త్రికోణాలు. అంటే అంచుల్లో ఎక్కువభాగం పడుగుకూ పేకకూ ఐమూలగా, దర్జీల మాటలో క్రాస్‌గా, పోతుంది. క్రాస్ అంచు పట్టుకుంటే సాగుతుంది. సాగిన అంచులు నాలుగు కలిస్తే బ్లాకు, అంటే ముక్కలు అతికి చేసిన ఒక్కో గడి, మధ్యలో గిన్నెలా గుంటపడుతుంది, లేదా అంచు అప్పడంలా అలలు తేలుతుంది. ఇస్త్రీతో అణిచి ముందుకు పోదామనిపిస్తుంది. అణగదు, ఆ అలలన్నీ చివర్లో బొంత అంచుకు చేరతాయి.

కోయడానికి ముందే గంజి పెట్టండి, కుట్టాక కాదు. పల్చగా గంజి చిలకరించి, ఇస్త్రీ పెట్టెను తోయకుండా పైనుంచి ఒత్తి ఎత్తి ఒత్తి ఆరబెట్టాలి. క్రాస్ అంచులు బ్లాకు లోపలికి, పోగు దారిలో ఉన్న నిటారు అంచులు బయటికి వచ్చేలా అమర్చాలి. ఎటు తిప్పినా బయట క్రాస్ అంచే మిగిలితే బ్లాకు చుట్టూ పోగు దారిలో కోసిన రూబియా పట్టీ కుట్టేయండి. పటానికి ఫ్రేములా అదే పట్టి ఉంచుతుంది. అంగుళం కన్నా చిన్న పీలికల మీద మోజు వద్దు. కుట్టాక అర అంగుళం మిగిలే ముక్కకు రెండు వైపులా పావేసి అంగుళం మడతలు, అంటే ముక్క కింద అంతా రెండు పొరలే. అలాంటివి నాలుగు ఒకచోట కలిస్తే అక్కడ మిషన్ సూది విరుగుతుంది.

మిషన్ సంగతి. పాత నల్ల మిషన్ చాలు, నేరు కుట్టు తప్ప ఏమీ అక్కర్లేదు. అతుకులకు 14 నంబరు సూది, రూబియా లాంటి పల్చని గుడ్డలకు 11. కుట్టు పొడవు మామూలు కన్నా తగ్గించి అంగుళానికి 12 కుట్లు పెట్టండి. ఈ రకం బొంతలో కుట్టినదాన్నే మళ్లీ కోస్తాం, కోసినచోట కుట్టుకు ముడి ఉండదు. కుట్టు పొడవుగా ఉంటే చేతిలోనే విడిపోతుంది. సూది నుంచి సరిగ్గా పావు అంగుళం దూరంలో మిషన్ పలక మీద మందపాటి టేపు అంటించి, దాని వెంట గుడ్డ నడపాలి. కుదిరిందో లేదో తెలియాలంటే 1½ అంగుళాల పట్టీలు మూడు కలిపి కుట్టి కొలవండి. నడిమి పట్టీ కచ్చితంగా 1 అంగుళం రావాలి. వెంట్రుకవాసి తేడా ముప్పై కుట్లు దాటేసరికి అంగుళం అవుతుంది.

నమూనా లేని బొంతకు కొలతలెందుకని అడగొచ్చు. లోపల ఎంత అల్లరైనా చేయండి, బయటి అంచులు మాత్రం ఒక లెక్కకు రావాలి. 6 గుణిజాలు సుఖం. బ్లాకులను 6½, 12½, 24½ అంగుళాలకు కత్తిరిస్తే కుట్టాక 6, 12, 24 అవుతాయి. 60×72లో 12 అంగుళాల గళ్లు 30 పడతాయి. అన్నీ ఒకే కొలతవి కాకుండా రెండు మూడు పెద్దవి, కొన్ని సగం గళ్లు కలిపితే గళ్లనుడికట్టులా కనిపించదు. 11 అంగుళాలకే ఆగిపోయిన బ్లాకును 12½కి తేవాలంటే 2 అంగుళాల పట్టీ కలపాలి, అర అంగుళం కుట్టులోకి పోతుంది కనుక. నిజానికి 2½ పట్టీ కుట్టి, ఆపైన 12½కి కోయడమే తెలివి.

బ్లాకు నిస్తేజంగా ఉంటే విప్పొద్దు, మధ్యకు కోసి పట్టీ దూర్చండి. ఇక్కడ గుర్తుంచుకోదగ్గ లెక్క ఒకటుంది. 1 అంగుళం పట్టీ దూరిస్తే బ్లాకు కొలత మారదు, ఎందుకంటే రెండు కుట్లూ కలిసి ఆ అంగుళాన్ని తినేస్తాయి. పైకి అర అంగుళం గీత కనిపిస్తుంది. 1½ పట్టీ దూరిస్తే బ్లాకు అర అంగుళం పెరుగుతుంది. నిస్తేజమైన ముద్ద మధ్య ముదురు నీలం గీత ఒకటి వాలుగా పోతే చాలు, కంటికి పట్టు దొరుకుతుంది. దూర్చాక కోతకు రెండు వైపులా పాత అతుకులు ఒకదానికొకటి ఎదురుపడవు. ఎదురుపడాలంటే దిగువ సగాన్ని జరిపి పిన్ను పెట్టాలి, కానీ ఎదురుపడకపోవడమే ఈ బొంతకు అందం.

బ్లాకులు అమర్చేటప్పుడు ఎక్కువమంది ఇరుక్కునేది లోపలి మూల దగ్గర. ఎల్ ఆకారపు సందులోకి చతురస్రం కుట్టాలని చూస్తే మూల ముడత పడుతుంది. దానికి సగం కుట్టు పద్ధతి ఉంది. మొదటి కుట్టును చివరిదాకా పోనీయకుండా రెండు అంగుళాల ముందే ఆపి, చుట్టూ ఉన్న మిగతా ముక్కలు కలిపి, చివర్లో వెనక్కి వచ్చి ఆ మిగిలిన రెండంగుళాలు పూర్తి చేస్తారు. చుట్టూ తిరిగే అమరికలన్నిటికీ ఇదే దారి. అమరిక చూసుకోవడానికి గోడకు పసిపిల్లల ఫ్లానెల్ గుడ్డ రెండు మీటర్లు బిగించండి, నూలు ముక్కలు పిన్ను లేకుండా దానికే అంటుకుంటాయి. నేల మీద పరిచి చూస్తే దగ్గరి వరస పెద్దగా, దూరపు వరస చిన్నగా కనిపించి మోసం చేస్తుంది. పైగా ఇంట్లో పిల్లి ఉంటే అమరిక మీద తుది నిర్ణయం దానిదే.

ఈ మిషన్ గొడవంతా వద్దనుకునేవాళ్లకు కర్ణాటకలోనే ఇంకో దారి ఉంది. ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ తెగ మహిళలు చేత్తో కుట్టే కవంది బొంత అంచు దగ్గర మొదలై, చుట్టూ తిరుగుతూ లోపలికి వచ్చి మధ్యలో పూర్తవుతుంది. పాత చీరను అడుగున పరిచి, ప్రతి ముక్క అంచునూ మడిచి పెడుతూ, అడుగు గుడ్డతో కలిపి సన్న కుట్లు వేసుకుపోతారు. నాలుగు మూలలా మడిచిన చిన్న ముక్కలు తగిలిస్తారు, వాటిని ఫూల అంటారు. అతకడం, అడుగు గుడ్డతో కలపడం ఒకే పని. నెలవంక ముక్కకు దీన్ని మించిన వాడకం లేదు. క్రాస్ అంచు మడతలోకి పోయి, వెంటనే అడుగు గుడ్డకు కట్టుబడిపోతుంది కాబట్టి సాగే అవకాశమే రాదు. కిలో మూటలో పెద్ద ముక్కలు తక్కువగా వస్తే మిషన్ పక్కన పెట్టి ఈ పద్ధతికి మారడం మంచిది.

లోపలి పొరకు మార్కెట్లో ఎక్కువగా దొరికేది పాలిస్టర్ షీటు. 100 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు 100 గ్రాములు, దాటొద్దు. అంతకన్నా ఉబ్బుగా ఉంటే మామూలు మిషన్ పాదం కింద నడవదు, రూబియా లాంటి పల్చని గుడ్డలోంచి నూగు కూడా బయటికొస్తుంది. బెంగళూరు చలికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీర రెండు పొరలు వేసినా సరిపోతుంది, మన ఇళ్లలో బొంతలకు అదే కదా వేసేది. అడుగు గుడ్డ నాలుగు వైపులా 4 అంగుళాలు ఎక్కువ ఉండాలి. అంటే 68×80. 44 అంగుళాల పన్నాలో మూడున్నర మీటర్లు తీసుకుని రెండు ముక్కలుగా అతకండి. అరచేతి వెడల్పుకు ఒక పిన్నీసు చొప్పున గుచ్చి, మధ్య నుంచి బయటికి, రెండంగుళాలకో గీత కుట్టుకుంటూ పోవాలి. వాకింగ్ ఫుట్, అంటే పై పొరనూ కింది పొరతో సమానంగా నడిపే, మిషన్‌కు విడిగా బిగించే పాదం, లేకుండా ఈ పనికి దిగొద్దు. పై పొర ముందుకు జరిగి ముడతలు పడుతుంది. అంచు పట్టీకి 2½ అంగుళాల పట్టీలు ఏడు చాలు, 44 పన్నాలో అర మీటరు.

కొనేటప్పుడు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఏరుకోనిచ్చే దుకాణంలో కిలోకు కాస్త ఎక్కువిచ్చినా లాభమే, అప్పుడు సగం పారేసే లెక్క ఉండదు. మూతి కుట్టేసిన సంచి అయితే అడుగున చెయ్యి గుచ్చి చూడండి. పైన బొటిక్ ముక్కలు, అడుగున హోజరీ పీలికలు ఉండటం కొత్త కాదు. సంచి బరువుగా ఉండి చేతికి చల్లగా తగిలితే తేమ ఉన్నట్టు. ఒకే యూనిట్ నుంచి వచ్చిన సంచి దొరికితే, అందులో ఒకే ప్రింటు పదిహేను సార్లు కనిపించినా వదలొద్దు. విసుగనిపించే ఆ ప్రింటే బొంతకు దారం. దాన్ని అయిదారు చోట్ల చల్లితే మిగతా గోలంతా ఒక తాటి మీదికి వస్తుంది. పెద్ద పూల ప్రింటు ముక్కలకు మాత్రం డబ్బు పెట్టొద్దు. మూడంగుళాల ముక్కలో ఆ పువ్వు రేకు కూడా పూర్తిగా రాదు.

మంచం దుప్పటంత బొంత, అంటే 90×100 అంగుళాలది, మొదటిసారే ఈ మూటతో మొదలుపెట్టేవాళ్లకు మాత్రం ఇది వద్దనే చెప్పాలి. వాళ్లు మ్యాచింగ్ సెంటర్లో ఎనిమిది రంగుల పాప్లిన్ అర మీటరు చొప్పున తీసుకుని, ముందు 36×36 అంగుళాల ఉయ్యాల బొంత కుట్టడం మంచిది. రెండోదానికి మూట.